మా అత్త వేసిన నీలం గీత

నా చిన్నప్పుడు తిరుత్తణి ఊరి బయట ఒక పింగాణీ కంపెనీ ఉండేది. కంపెనీ అంటే ఏదో అనుకునేరు. రెండు రేకుల షెడ్లు, ఒక బట్టీ, అంతే. అయినా అక్కడి జాడీలు, కప్పులు తిరువళ్ళూరు దాకా పోయేవి. మా మేనత్త అక్కడ కప్పులకు రంగు గీతలు వేసేది. సెలవు రోజుల్లో నేను ఆమెకు అన్నం క్యారియరు తీసుకుపోయి, సాయంత్రం దాకా పక్కనే కూర్చునేదాన్ని.

ఒకరోజు స్టేషన్ వీధిలో కొత్తగా టీకొట్టు పెట్టబోయే ఆసామి వచ్చినాడు. ఆడి నెలలో వచ్చే కృత్తిక పండగకు కొట్టు తెరవాలంట. కావాల్సిన కప్పుల్లో కొన్నిటికి మాత్రం అంచు కింద నీలం గీత వేయమన్నాడు. ఎందుకని కంపెనీ ముదలాళి, అదే యజమాని, అడగలేదు. ఊరు అంటరానివాళ్ళనే మా పేట మనుషులు తాగిన కప్పు మిగతావాళ్ళ కప్పుల్లో కలవకూడదు, అదీ సంగతి. మా నాయన ఆ స్టేషన్‌లోనే మూటలు మోసేవాడు, ఆ వీధిలోనే టీ తాగేవాడు. నాకు కడుపు మండిపోయింది. మా అత్తేమో "సరే అన్నా" అని నవ్వింది. ఛీ, ఈమెకు సిగ్గూ శరం లేదా అనుకున్నాను.

ఆ రంగు కాల్చకముందు నీలంగా ఉండదు, మసి మాదిరి నల్లగా ఉంటుంది. గీత వేసినాక కప్పును తెల్లటి పూతలో ముంచుతారు. గీత కనపడకుండా పోతుంది. బట్టీలో ఆ పూత కరిగి గాజు మాదిరి అయినప్పుడే నీలం పైకి తేలుతుంది. ఇంక గోకినా పోదు. కాల్చకముందు ఒక్కో కప్పునూ గోకి చూసే ఓపిక ముదలాళికి యాడుంది?

బట్టీ చల్లారి, వాకిలికి కట్టిన ఇటుకలు తీసిన పొద్దు టీకొట్టు ఆసామి కూడా వచ్చి నిలబడినాడు. మొదటి కప్పుకు గీత. రెండోదానికీ గీత. అడుగున ఉన్న చివరి కప్పు దాకా గీతే! ఆయన ముఖం మాడిపోయింది. ఎవరి పని ఇదని ముదలాళి అరిచినాడు. మా అత్త చేతులు తుడుచుకుంటా లేచింది.

"నేనే. కొన్నిటికేసి కొన్నిటికి మానేది నాతో కాదు. మా అన్న కూడా ఆడనే తాగుతాడు."

అప్పుడే ఆమెను పనిలోనుంచి తీసేసినారు. పోతే పోనీ అని క్యారియరు ఎత్తుకుని బయటికొచ్చింది. దారంతా ఏడ్చింది కూడా, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ పని మీద ఆమెకు అంత ప్రాణం.

పండగ నెత్తి మీదికొచ్చింది, మళ్ళీ కాల్చే టైము లేదు. ఆసామి తిట్టుకుంటానే ఆ కప్పులు పట్టుకుపోయినాడు. కృత్తిక నాడు కొండ మీది గుడికి కావళ్ళు మోసుకొచ్చిన జనమంతా ఆ కప్పుల్లోనే తాగినారు, మా నాయన కూడా. ఏ కప్పులో ఎవరు తాగినారో ఆ తొక్కిసలాటలో ఆసామికే తెలియకపోయె.

నాకిప్పుడు అరవై దాటింది. పెళ్ళి పందిట్లోనో, ఆఫీసులోనో, మా వాళ్ళకని ఎవరైనా వేరే చోటు చూపిస్తే నాకు మా అత్త గీత గుర్తుకొస్తుంది. లేచి అందరి మధ్యకూ పోయి కూర్చుంటాను. ఏడుపంటారా, అది ఇంటికొచ్చినాక.