చూడకుండా పాసు చేసిన శనివారం

మావయ్య పోయారన్న కబురు నేను వెంటనే నమ్మలేదు. పొద్దున్నే చర్చి వాట్సాప్ గ్రూపులో పాస్టరయ్యగారు పెట్టిన నాలుగు మాటలు చూసి, ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. ముందురోజు సాయంత్రమే, సైకిల్ మీద వస్తూ, చర్చి వెనక ద్రాక్ష తీగల మధ్య ఆయన్ని చూశాను. చెప్పులేసుకుని రెండు సందులు దాటి వెళ్ళి, వరండాలో ఆయన్ని పడుకోబెట్టిన మంచం పక్కన నిలబడి, నా కళ్ళతో చూశాకే ఒప్పుకున్నాను. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో నా అనుమానపు బుద్ధి తెలియనివాళ్ళు లేరు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ఆయన భార్య, మా అత్తమ్మ మాత్రం తలెత్తి, "వొచ్చినావా? సూసుకో తల్లీ" అన్నారు.

ఆయనకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నా ఆయనా ఒకే షిఫ్టులో పనిచేశారు, అందుకని మావయ్య. ఖరగ్‌పూర్ స్టేషన్లో బండి ఆగగానే చిన్న సుత్తితో చక్రాలను కొడుతూ, మోతను బట్టి పగులు ఉందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. టీఎక్స్‌ఆర్ అంటారు. సర్వీసంతా బండ్లను శంకించడమే పనిగా పెట్టుకున్న మనిషి ఇంట్లో మాత్రం ఊరుకుంటారా? మా ఇంటికి కొత్త కుర్చీ వస్తే కూర్చునే ముందు నాలుగు కాళ్ళూ వేలితో కొట్టి చూసేవారు. "అనుమానం లేనోడు బండి కింద దూరకూడదు" అనేవారు.

రిటైరైన ఏడాది ఆయన, నేనూ ఉన్న చర్చి కమిటీ ముందుకొచ్చి వెనక స్థలం అడిగారు. ద్రాక్ష వేస్తానన్నారు. నెలకో ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఇచ్చే రసం మన మట్టిలో పండిన పండుది కావాలట. నాకు ఒళ్ళు మండింది. ఆ రసం మా ఇంటి పని. నల్ల కిస్‌మిస్ నానబెట్టి, మరిగించి, పలచటి గుడ్డలో పిండి సీసాలకు పోయడం మా అమ్మ నుంచి నాకు వచ్చింది. నేను లేచి, "కిస్‌మిస్‌కి ఏమొచ్చింది మావయ్యా?" అని అడిగాను.

"అది ఎక్కడ పండిందో తెల్దు, దాని మీద ఎవుడేటి కొట్నాడో తెల్దు. నువ్వు మరిగించేది ఏటో నీకే తెల్దు కోడలా. మరి నీకు అనుమానం రాదేటి?"

అనుమానంలో నన్ను మించినవాడు దొరకడం నాకు అదే మొదటిసారి. నచ్చలేదు.

ఆ స్థలం చూస్తే ఎవరైనా నవ్వుతారు. అడుగున ఎర్ర మొరం, పైన ఆవిరి ఇంజన్ల కాలంలో ఎవరో పోసిన బొగ్గు బూడిద. గడ్డి కూడా ఇష్టం లేకుండా మొలిచేది. మొదటి ఏడాది ఆయన ఒక్క మొక్క కూడా నాటలేదు. జనుము చల్లి, పూతకు రాకముందే కోసి అక్కడే పరిచారు. చెరువులోంచి గుర్రపుడెక్క లాగించి, ఎండబెట్టి నేలంతా కప్పారు. దున్నించలేదు. ఎరువు బస్తా అనేది గేటు దాటి లోపలికి రానివ్వలేదు. ఇదంతా స్థలం తన పేర రాయించుకునే ఎత్తు అని నేను మా ఆయనతో అన్నాను. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "కిస్‌మిస్ బాధ" అన్నారు.

ఎరువు కుప్ప విషయంలో మాత్రం మావయ్య అనుమానమే ఆయన కొంప ముంచింది. ఆకులు, పేడ, గుర్రపుడెక్క పొరలుగా వేసి, వారం పోయాక అలవాటు చొప్పున అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగంతో తాకి చూశారు. కాలుతోంది. బండి ఇరుసు పెట్టె అలా కాలితే హాట్ యాక్సిల్, బండిని కదలనివ్వకూడదు. మనిషి కంగారు పడిపోయి కుప్పంతా లాగి పరిచి బకెట్లతో నీళ్ళు కొట్టారు. మళ్ళీ పేర్చారు, మళ్ళీ కాలింది, మళ్ళీ చల్లార్చారు. మూడోసారి ఆ తతంగాన్ని హిజ్లీ ఐఐటీ క్యాంపస్‌లో తోటపని చేసే బెంగాలీ దాదా సైకిల్ ఆపి చూశాడు. "గొరోమ్ తో హోబేయ్ దాదా, గొరోమ్ హోలేయ్ భాలో" అన్నాడు. వేడెక్కితేనే మంచిది, లోపల పని జరుగుతోందని దాని అర్థం. మావయ్య బకెట్ కింద పెట్టి, పరిచిన కుప్పను మళ్ళీ పేర్చడం మొదలుపెట్టారు. నేను గోడ ఇవతల నుంచి అంతా చూసి, ఆ వారమంతా సంతోషంగా ఉన్నాను.

తర్వాత తీగలు నాటారు. తుక్కు వేలంలో కొన్న పైపులు పాతి, కింద ఒక ఇనుప తీగ, పైన ఒక ఇనుప తీగ లాగి, వాటి మీదికి పాకించారు. జనవరిలో కత్తిరించిన కొమ్మల్ని ముక్కలు చేసి ఆ మొదళ్ళలోనే వేసేవారు. "ఇక్కడిది ఇక్కడే తినాల" అనేవారు. మూడో ఏడు మే నెలలో నల్లటి గుత్తులు వచ్చాయి. గోల్ బజార్లో కొన్న గుత్తులకన్నా చిన్నవి, కానీ గుత్తులే. నేను నమ్మలేదు. అందరూ వెళ్ళిపోయాక ఒక పది గుత్తుల తొడిమలకు ఎర్రదారం కట్టి వచ్చాను. కోసిన బుట్టలో దారాలు రాకపోతే బజారు సరుకే అన్నమాట.

కోత రోజు ఆయన మా గుమ్మంలోకి వచ్చి, అరచేతిలో పది దారాలు చూపించారు. "నీయే కదా. తీసుకో" అన్నారు. దారాలు తీసుకున్నాను. "అనుమానం ఉండాల కోడలా. ఉంటే ఎదర్నే అడగాల. గోడ సాటునుంచి సూడకూడదు." ఆయన గొంతులో కోపం లేదు. అది నాకు మరీ కష్టంగా అనిపించింది.

ఎదురుగానే అడిగే అవకాశం రెండేళ్ళకు వచ్చింది. ఆ వేసవి కాలవైశాఖి గాలివానలు వదలకుండా కొట్టాయి, ఆకుల మీద బూజు పట్టింది. ఒక ఆదివారం పాటల పుస్తకం అందిస్తున్న ఆయన గోళ్ళ సందుల్లో నీలం కనిపించింది. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు అది. మందు కొట్టనని కమిటీకి మాట ఇచ్చిన మనిషి ఆయన. ఆరాధన కాగానే అందరి ముందూ అడిగేశాను.

"కొట్నాను" అన్నారు ఆయన. "రెండు వరసలకి. పంట పోద్దని బయ్యమేసింది."

కమిటీ సెక్రటరీ సర్దబోయాడు. ఆ మందు అందరూ కొట్టేదే, పండు కడిగితే సరిపోతుంది అన్నాడు.

"పండు కడిగితే పోద్ది బాబూ. మట్టిని ఏ నీళ్ళతో కడుగుతాం? ఆ రాగి అక్కడే ఉండిపోద్ది. కింద ఎర్రలు బతకాల కదా." వానపాముల్ని ఆయన ఎర్రలు అనేవారు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ ఏడు నీ కిస్‌మిస్సే. మరిగించమ్మా" అన్నారు.

గెలిచినట్టు అనిపించాలి నాకు. అనిపించలేదు. ఆ సాయంత్రమే ఆయన ఒక నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. "బండి కట్టినోడు బండిని పాసు సెయ్యకూడదు. అది రూలు. నా బండికి ఇంకనుంచి నువ్వే టీఎక్స్‌ఆర్‌వి."

అప్పటినుంచి ప్రతి శనివారం నేను ద్రాక్ష కిందికి దూరాను. ఒక పార మట్టి తీసి వాసన చూడటం, వానపాములు వెతకడం, ఆకు తిప్పి అడుగు చూడటం, అన్నీ ఆయనే నేర్పారు. సరిగ్గా ఉంటే పుస్తకంలో 'పాస్', లేకపోతే 'సిక్'. పాడైన బోగీని రైల్వేలో అలాగే అంటారు. నేను సిక్ రాసిన రోజు ఆయన మొహం వెలిగేది. "ఏదీ, సూపించు" అని వెంటపడేవారు. పాస్ రాస్తే, "నిజంగానా? బాగా సూసినావా?" అని గుచ్చి గుచ్చి అడిగేవారు. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది గానీ, నా జన్మలో నా అనుమానాన్ని ఒక గుణంగా చూసిన మనిషి ఆయన ఒక్కరే. బూడిద నేల నల్లబడి, చేత్తో పిసికితే ముద్దయ్యే మట్టిగా మారడం నేను శనివారాల లెక్కన చూశాను. ఎప్పుడూ ఆయనతో ఆ మాట అనలేదు.

ఈ ఏడు ఆయనకు ఊపిరి ఆడటం తగ్గింది. నిలబడలేక స్టూలు వేసుకుని, ఒక్కో తీగ దగ్గరికీ దాన్ని జరుపుకుంటూ పనిచేసేవారు. మళ్ళీ వానలు ముందే వచ్చాయి. పోవడానికి రెండు వారాల ముందు శనివారం నేను వెళ్ళేసరికి ఆయన గేటు దగ్గర చెమటలు కారుతూ ఆయాసపడుతున్నారు. ఆయన్ని ఆ స్థితిలో కూర్చోబెట్టి కింద దూరి తప్పులు వెతకడానికి నాకు మనసొప్పలేదు. అక్కడే పుస్తకం తెరిచి, పాస్ అని రాసి సంతకం పెట్టాను.

ఆయన పుస్తకం తీసుకుని చదివారు. "కిందకి దూరినావా?"

"లేదు మావయ్యా. మీరు చేశాక ఇంక చూసేదేముంది?"

"నమ్మినావన్నమాట."

"అవును."

ఆయాసం తగ్గేదాకా ఆగి, నెమ్మదిగా అన్నారు. "ఇన్నేళ్ళూ లేని నమ్మకం ఇయాల ఎలాగొచ్చిందే? నన్ను అప్పుడే పంపించేసినావేటి?"

నేను నవ్వేసి మాట మార్చాను. తర్వాతి శనివారం పెద్ద వాన, వెళ్ళలేదు. ఆ మరుసటి శనివారం రాకముందే ఆయన లేరు. జాలిపడి చేసిన పని అది. అంతకంటే పెద్ద అవమానం ఆయనకు ఎవరూ చేసి ఉండరు.

భూస్థాపన అయిన మూడో రోజు కమిటీ కూర్చుంది. పండు పక్వానికి వచ్చింది, కోసి రసం తీస్తే జ్ఞాపకార్థ ఆరాధనలో అదే ఇవ్వవచ్చు అన్నారు. అందరూ తలూపారు. నేను చూడకుండా రసం తీయనన్నాను.

"పోయినాయన మీద కూడా అనుమానమేనా?" అని సెక్రటరీ అడిగాడు. వెనక బెంచీలోంచి ఎవరో, "రాయి గుండె" అన్నారు.

నిజంగానే అనుమానం ఉంది, దాచుకోను. ఇన్ని వానలకు గేటు నుంచి చూస్తే గుత్తులు మరీ శుభ్రంగా ఉన్నాయి. ఊపిరందని మనిషి ఇంకోసారి భయపడి మందు కలిపి ఉండొచ్చు. నీలం కనిపిస్తే పోయినాయన చివరి పంట మీద నా చేత్తో సిక్ అని రాయాలి. చూడకుండా వదిలేస్తే ఆయన్ని రెండోసారి పంపించినట్టు. వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి మొదటి వరస కిందికి దూరాను.

ఆకు ఆకూ తిప్పాను. తొడిమల సందులు, పైపులు, కింద పరిచిన గడ్డి చూశాను. నీలం చుక్క లేదు. కింది తీగ మీద గుత్తుల చుట్టూ ఆకులు ఒక్కొక్కటిగా గిల్లేసి ఉన్నాయి, గాలి ఆడటానికి. అందుకే అవి ఆరోగ్యంగా ఉన్నాయి. తల ఎత్తి పై తీగ చూశాను. అక్కడ ఆకులు దట్టంగా అలాగే ఉన్నాయి, వాటి చాటున గుత్తులు సగానికి సగం బూజు పట్టి కుళ్ళిపోయాయి. చూసిన ప్రతి వరసలోనూ అంతే. కూర్చున్న మనిషి చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో అంతవరకు మంచి పండు, ఆ పైన కుళ్ళు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

కత్తెర తీసుకుని పై తీగ నుంచి కుళ్ళినవి కోయడం మొదలుపెట్టాను. ఎప్పుడొచ్చారో, అత్తమ్మ వరస చివర నిలబడి ఉన్నారు.

"ఏటమ్మా, పాసా, సిక్కా?"

"ఇంకా చూస్తున్నాను అత్తమ్మా. నాలుగు వరసలు ఉన్నాయి."

ఆవిడ మొహంలోంచి ఏదో బరువు దిగినట్టయింది. "సూడు, సూడు. తొందరేటి లేదు" అంటూ వచ్చి నా పక్కనే నేల మీద కూలబడ్డారు. తెల్లచీర కొంగు ఒళ్ళో పరిచి, నేను కోసి పడేస్తున్న కుళ్ళు పళ్ళను ఎరువు కుప్ప కోసం ఒక్కొక్కటే అందులోకి ఏరడం మొదలుపెట్టారు.