ఏసీలోంచి వచ్చిన పొగ

పోయిన వేసవిలో మా బావ తన పాతకాలపు స్పోర్ట్స్ కారుకు ఏసీ బాగుచేయించి, మమ్మల్ని వాకాడు వైపు సముద్రానికి తీసుకెళ్లాడు. నేను గుమ్మడికాయతో దిష్టి తీయనివ్వలేదని వాళ్లమ్మ, మా అత్తయ్య, వెనక సీట్లో అలిగి కూర్చుంది. తీరం దగ్గర అద్దాలు దించగానే ఏసీలోంచి తెల్లటి పొగ ఎగదన్నింది.

"చెప్తే ఇన్నారా? తగలబడిపోతా ఉండాం! దించండి నన్ను!" అని అత్తయ్య కేకపెట్టింది. ఆ కారుకు రెండే తలుపులు. నేను దూకి ముందు సీటు మడిస్తేనే ఆమె దిగగలదు. బావ కారు ఆపగానే దూకాను గానీ, ఆ సీటు ఇరుక్కుని కదల్లేదు. మళ్లీ గట్టిగా గుంజాను. అయినా కాలిన వాసన లేదే! పొగలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. సముద్రపు తేమ గాలి ఏసీ చల్లదనానికి పొగమంచైంది, అంతే.

"నిప్పు ఇంత చల్లగా ఉంటుందా అత్తయ్యా?" అని ఆమె చేతినీ అక్కడ పెట్టించాను.

"బాగుందబ్బయా, ఇంకొంచెం పెంచు" అని నవ్వేసింది.

దిష్టి నమ్మకం మీద ఇన్నేళ్ల నా వాదనలు చేయలేని పని ఆమె చెయ్యే చేసింది.