ఒక్క లైను పెట్టేస్తే అయిపోయేది

మళ్లీ అవే ఎర్రటి అక్షరాలు. పొద్దున్న గురుగ్రామ్ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నప్పటినుంచీ ఆ కొత్త లాప్‌టాప్ నాకు చూపించింది అదొక్కటే. సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్. నేను రాసిన ప్రోగ్రాం నడవాలంటే ఇంటర్నెట్ నుంచి కొన్ని ప్యాకేజీలు, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ మూటలు, దించుకోవాలి. ఒక్కటంటే ఒక్కటి దిగితే ఒట్టు. అవతలివాడెవడో నాకు నమ్మకం లేదు, వాడిచ్చింది పుచ్చుకోనని కంప్యూటరు భీష్మించుకు కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక క్లయింటు ముందు ఆ ప్రోగ్రాం నడిపి చూపించాలి. అది చూశాకే నన్ను ఉద్యోగంలో ఉంచాలో పంపాలో తేలుస్తామని టీమ్ లీడ్ ముందే చెప్పాడు.

ఆ ఉద్యోగం నాకెంత అవసరమో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా ఆయన ఆర్మీలో హవల్దారు. మాది విజయనగరం వైపు. ఎంసీఏ చదివిన నన్ను పెళ్లి చేసుకుని, పోస్టింగు పడిన ఊరికల్లా సామాను మధ్య కూర్చోబెట్టి తిప్పాడు పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు. మా పాప ఎన్ని బళ్లు మారిందో దాన్నే అడిగితే ఒకటి రెండు మర్చిపోతుంది. ఢిల్లీ కంటోన్మెంటుకి వచ్చాకే మొదటిసారి దానికొక బడి కుదిరింది, ప్రాణస్నేహితురాలనేది ఒకతి దొరికింది. ఇప్పుడు పన్నెండో తరగతి. సరిగ్గా ఇప్పుడే మా ఆయనకి రిటైర్మెంటు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నా ఉద్యోగం ఖాయమైతే జనక్‌పురిలో చిన్న ఇల్లు చూసుకుని ఇక్కడే ఉండిపోతాం, పాప అదే బళ్లో చదువు పూర్తిచేస్తుంది. లేదంటే దాని చదువు మధ్యలో తెంపుకుని ఊరికి బయల్దేరాలి. ఇంకో దారి లేదు.

పెళ్లయి ఇన్నేళ్లకి దొరికిన మొదటి ఉద్యోగం నాది. ప్రోగ్రాం కూడా నెలల తరబడి కూర్చుని కుదురుగా రాసుకున్నాను. ముందురోజు సాయంత్రం దాకా పాత లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. ఇంతలో దాని బ్యాటరీ పూరీలా ఉబ్బిందని ఐటీవాళ్లు వచ్చి, దాన్ని లాక్కుని, కొత్తది చేతిలో పెట్టి పోయారు. రేపు డెమో అనగా ఇవాళ! గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాళ్లకి వాష్‌రూమ్ ఎటో, చాయ్ ఎక్కడో చూపించాక, మంటలు లేస్తే దిగడానికి కట్టిన మెట్లు కూడా చూపిస్తారు. ఆఫీసు నెట్‌లో ప్యాకేజీలు దిగవు కాబట్టి జనం లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ మెట్ల మీద కూర్చుని, సొంత ఫోన్ నెట్ కలుపుకుని దించుకుంటారు. సిగరెట్టు వాళ్లు పై మెట్ల మీద, ప్యాకేజీల వాళ్లు కింది మెట్ల మీద. ఎందుకు దిగవు మహాప్రభో అని అడిగినవాడు ఒక్కడు లేడు. నేనూ పాతదాంట్లో అలాగే ఫోన్ నెట్ మీదే దించుకుని, నడుపుకున్నాను. ఆ పొద్దున్న కూడా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తాను. కొత్త లాప్‌టాప్‌కి ఆఫీసు నెట్ తప్ప వేరేది ఎక్కదట, అదొక కొత్త రూలట. పొగ పీల్చుకుని వెనక్కి వచ్చాను.

ఐటీ సపోర్టుకి ఫోన్ చేశాను. "బ్రౌజర్ మే సైట్ ఖుల్ రహీ హై న, మేడమ్?" అన్నాడు. తెరుచుకుంటోందన్నాను. "తో ఫిర్ నెట్‌వర్క్ ఠీక్ హై. ఆప్ టికెట్ డాల్ దీజియే." వేశాను. ఏ గంగలో కలిసిందో నా గోడు రాసుకున్న ఆ టికెట్టు.

నా పక్క సీట్లో కరీంనగర్ అమ్మాయి ఉండేది. ఆఫీసు మొత్తంలో నన్ను అక్కా అని పిలిచేది ఆ పిల్లే. నా అవస్థ చూసి కుర్చీ జరుపుకుని వచ్చింది. "ఎందుకక్కా గంత పరేషాన్ అయితున్నవ్? ట్రస్టెడ్ హోస్ట్ అని ఒక్క లైన్ పెట్టెయ్, అయిపాయె. మెట్ల దాంక పోబుద్ధి గాకుంటే మేమందరం గదే జేస్తం."

ఆ లైను నాకు తెలియక కాదు. దాని అర్థమేమిటంటే, ఫలానా చోటునుంచి వచ్చేవాడు ఎవడైనా సరే కాగితాలు అడక్కు, లోపలికి వదిలెయ్ అని. నేను కంటోన్మెంటు గేటులోంచి రోజూ వచ్చిపోయే మనిషిని. మా ఆయనకి గేటు డ్యూటీ పడిన రోజుల్లో ఓసారి కార్డు ఇంట్లో మర్చిపోయానని నన్నే ఆపాడు మహానుభావుడు. కూరగాయల సంచులతో మండుటెండలో నిలబెట్టి, పాప చేత కార్డు తెప్పించి, అటూ ఇటూ తిప్పి చూసి మరీ వదిలాడు. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదు నేను. కానీ సంసారం చేసి చేసి ఆ బుద్ధి నాకూ అంటుకుంది. పైగా మా ప్రోగ్రాం పనేమిటి? క్లయింటు దగ్గర జనం రాసుకున్న ఫిర్యాదులు తెచ్చి చదివి విడదీయడం. వాటినిండా ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు, ఇంట్లో గొడవలు. ప్యాకేజీలకి ఆ లైను పెడితే సరిపోదు, ప్రోగ్రాంలోనూ అలాంటిదే పెట్టాలి. తనిఖీ తీసేశాక దారిలో ఎవడు అడ్డుపడి నేనే క్లయింటునన్నా అది నమ్ముతుంది. దొంగ చేతికి తాళాలివ్వడం కాకపోతే ఏమిటది?

"వద్దమ్మా, సరిగ్గానే చేస్తాను" అన్నాను.

"నీ ఇష్టమక్కా. గానీ టైం లేదు, సూస్కో" అని వెళ్లి తన పనిలో పడింది.

వాష్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. సిగ్గెందుకు, ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి బ్రౌజర్‌లో అదే సైటు తెరిచి, అడ్రసు పక్కన ఉన్న తాళం గుర్తు నొక్కాను. ఈ సైటు అసలుదే అని సంతకం పెట్టిందెవరో అక్కడ కనిపిస్తుంది. చూద్దును కదా, సంతకం మా ఆఫీసుది! బయటినుంచి వచ్చే ప్రతి మూటనీ ఆఫీసు మధ్యలో విప్పి, లోపలేముందో చూసి, మళ్లీ కట్టి తన ముద్ర వేసి మాకు పంపుతోంది. బ్రౌజర్‌కి ఆ ముద్ర ఐటీవాళ్లు ముందే నేర్పిపెట్టారు. నా ప్రోగ్రాం భాషకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంటి మనిషినే కుక్క గుర్తుపట్టక మొరుగుతోందన్నమాట. కుక్కని కట్టెయ్యక్కర్లేదు, మనిషిని చూపిస్తే చాలు. ఆఫీసు ముద్ర ఉన్న సర్టిఫికెట్‌ని ఒక ఫైలుగా బయటికి తీసి, దీన్ని నమ్మవచ్చు అని చెప్పాలి.

చెప్పడం తేలికే. అక్కడ ఒకదాని కింద ఒకటిగా వేలాడే సర్టిఫికెట్లలో అట్టడుగున ఉన్నదాన్ని తీశాను. అది ఆ ఒక్క సైటుదట, కావలసింది అన్నిటికన్నా పైనున్న మూలం. ఎర్రటి అక్షరాలు. పైది తీశాను. కంప్యూటరు చదవలేని రూపంలో దిగింది, అక్షరాల రూపంలో దించాలట. మళ్లీ ఎర్రటి అక్షరాలు. ఈలోగా ఫ్లోరు ఖాళీ అయిపోయింది, అందరూ భోజనాలకి వెళ్లారు. క్యాంటీన్ వైపునుంచి రాజ్మా వాసన వస్తోంది.

అప్పుడే మా ఆయన ఫోన్.

"ఏటయినాది? సూపించీసేవా?"

లేదన్నాను. గేటు, కార్డు, ముద్ర అంటూ ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. తనిఖీ ఆపెయ్యమని అందరూ అంటున్నారు, నేను ఒప్పుకోలేదని కూడా చెప్పాను. శభాష్ అంటాడని ఎదురుచూశాను.

"పెట్టీయే" అన్నాడు.

"ఏంటి?"

"ఆ లైనేదో పెట్టీ. ఓపాలికి ఏటవదు. పాప సదువు మద్దిలో ఆగిపోద్దే. నా మాటిను."

నన్ను గేటు దగ్గర ఎండలో నిలబెట్టిన మనిషి! ఒళ్లు మండిపోయింది. "మీరా ఈ మాట చెబుతున్నది?" అని ఖాళీ ఫ్లోరు దద్దరిల్లేలా అరిచాను. ఆయన గొంతు పూర్తిగా కిందికి దిగిపోయింది. "నానే సెప్తన్నాను. బయపడి సెప్తన్నాను" అన్నాడు. ఆ మనిషి నోట భయం అన్న మాట అంతకుముందు నేను వినలేదు. ఫోన్ పెట్టేశాను.

ఆ లైను టైపు చేశాను. నిజం చెబుతున్నాను, చేశాను. ఎంటర్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పాప మొహం కనిపించింది. ఫిర్యాదులు రాసుకున్నవాళ్ల మొహాలేవీ నాకు తెలియవు కాబట్టి కనిపించలేదు. అయినా వేలు దిగలేదు. ధర్మం అనండి, మొండితనం అనండి, నాకిప్పటికీ తెలియదు. మొత్తం చెరిపేసి, సర్టిఫికెట్‌ని మళ్లీ మొదటినుంచి, ఈసారి అక్షరాల రూపంలో తీశాను. ఫైలు ఎక్కడుందో చెప్పి ప్యాకేజీ అడిగాను.

దిగింది! ఒకదాని వెనక ఒకటి బుద్ధిమంతుల్లా దిగాయి. అమ్మయ్య అని గుండెల మీద చెయ్యి వేసుకుని ప్రోగ్రాం నడిపాను.

ఎర్రటి అక్షరాలు.

ప్యాకేజీలు దించే భాగం వేరు, ప్రోగ్రాం లోపల ఫిర్యాదులు తెచ్చే భాగం వేరు. దేని నమ్మకాల జాబితా దానిదే. ఒకదానికి చెబితే రెండోదానికి వినబడదట, తోడికోడళ్లలాగ! ఆ రెండోదానికి ఎలా చెప్పాలో వెతుకుతుంటే టీమ్ లీడ్ వచ్చి నిలబడ్డాడు. నాకన్నా చిన్నవాడు, రోహ్‌తక్ అబ్బాయి, చెడ్డవాడు కాదు. "మేడమ్, వో లోగ్ ఆ గయే. రెడీ?"

"దస్ మినిట్, సర్."

తెర చూశాడు. "అరే, వెరిఫై బంద్ కర్ దీజియే న. ఏక్ లైన్ హై." కీబోర్డు కోసం చెయ్యి చాపాడు.

నేను లాప్‌టాప్‌ని రెండు చేతులతో నావైపు లాక్కున్నాను. "నహీ సర్. లోగోం కా డేటా హై."

ఆయన నన్నలా చూసి, వాచీ చూసుకుని, మీటింగ్ రూమ్‌లోకి వెళ్లిపోయాడు. అద్దం వెనక నా ప్రోగ్రాం బదులు పాత స్లైడ్లు మారడం నా సీట్లోంచి కనిపిస్తూనే ఉంది. ఆ రెండోదానికీ ఫైలు చూపించే దారి దొరికి, ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా నిక్షేపంలా నడిచి, ఫిర్యాదులన్నీ వరసగా తెర మీదికి వచ్చాక, లాప్‌టాప్ మూత వెయ్యకుండా అలాగే ఎత్తుకుని పరుగెత్తాను. క్లయింటువాళ్లు లిఫ్ట్ దగ్గర చేతులు కలుపుకుంటున్నారు. లిఫ్ట్ వచ్చింది, ఎక్కేశారు.

సోమవారం టీమ్ లీడ్ తన గదిలోకి పిలిచాడు. "ఆప్ కా కామ్ అచ్ఛా హై మేడమ్, సచ్ మే. లేకిన్ క్లయింట్ వెయిట్ నహీ కర్తా." ఖాయం చెయ్యడం లేదని, పైవాళ్ల నిర్ణయమని చెప్పాడు. నేను లేచి తలుపు దాకా వచ్చాక, "మేడమ్, వో సర్టిఫికెట్ వాలే స్టెప్స్ గ్రూప్ మే డాల్ దేంగీ, ప్లీజ్?" అన్నాడు.

ఎంత కడుపుమంటగా ఉందో! అయినా సీటుకి వచ్చి ఒక్క అడుగు కూడా వదలకుండా రాసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. కాసేపటికి పక్క సీటునుంచి కేక. "అక్కా! కూసున్న కాడ్నే దిగినయే! ఒక్క దెబ్బకు!" అని చప్పట్లు కొట్టి, ఇటు తిరిగి నా మొహం చూసింది. చేతులు అలాగే ఆగిపోయాయి పిల్లకి.

సాయంత్రం క్వార్టర్లో ఇద్దరికీ ఒకేసారి చెప్పేశాను. మా ఆయన "నాను సెప్పేనా లేదా" అనలేదు. "సర్లే, ఏటి సేస్తాం" అని కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పాప మాత్రం, "మమ్మీ, ఆప్ సహీ థీ న?" అని అడిగింది.

"ఆఁ. సరిగ్గానే చేశాను."

"తో ఠీక్ హై" అని తన గదిలోకి వెళ్లింది.

ఏడుస్తోందేమోనని కాసేపాగి వెళ్లి తలుపు తోశాను. ఏడవడం లేదు. గోడ మీద తన స్నేహితురాలితో దిగిన ఫోటోలు అంటించుకుంది కదా, వాటిని తీస్తోంది. టేపు అంచుని గోటితో కొంచెం కొంచెంగా లేపుతోంది, గోడ రంగు ఊడకుండా. క్వార్టరు అప్పజెప్పేటప్పుడు ఆర్మీవాళ్లు వచ్చి గోడలు చూస్తారని ఫౌజీ పిల్లలకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎవరు తియ్యమన్నారే నిన్ను? ఇంకా టైముంది! ఎవరు తియ్యమన్నారు?" అని అరిచాను.

అది వెనక్కి తిరగలేదు. "అమ్మా" అంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను మమ్మీ అనే తప్ప వేరేలా పిలవలేదు అది. తెలుగులో అడిగితే హిందీలోనే జవాబు చెప్పే పిల్ల, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "అమ్మా, ఆ వైపు నువ్వు పట్టుకో. చిరిగిపోతుంది."

పట్టుకున్నాను. తెలుగులో ఎందుకు మాట్లాడుతున్నావే అని అడగలేక అడిగాను.

"అక్కడ మన ఊరి స్కూల్లో అందరూ తెలుగే కదా. ఇప్పటినుంచీ ప్రాక్టీస్ చెయ్యాలి" అంది. అని, తప్పు ఉందా అన్నట్టు నా మొహంలోకి చూసింది.