చీమకుర్తి దోసెల బండి దగ్గర పద్దెనిమిదో అధ్యాయం

పోయిన నెల గుంటూరులో పాత పుస్తకాలమ్మే ఒక చిన్న కొట్లో నాకో పిల్లల నవల దొరికింది. పేరు ‘గౌరి, గాడిద, సముద్రం’. ఉప్పు దొరకని ఊరి నుంచి గౌరి అనే పదేళ్ళ పిల్ల, జమీందారు అనే కుంటి గాడిదను వెంటబెట్టుకుని సముద్రానికి బయల్దేరే కథ. పద్దెనిమిది అధ్యాయాలు. నాకూ పదేళ్ళున్నప్పుడు ఇదే పుస్తకాన్ని మా పేట లైబ్రరీ నుంచి తెచ్చుకుని, అమ్మ పనిచేసే మిర్చి షెడ్డులో రోజుకో అధ్యాయం గట్టిగా చదివేదాన్ని. ఎండాకాలం ఒంటిపూట బడులు. అమ్మతో పాటు పదిహేను మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తుండేవాళ్ళు. ఘాటుకి నేను ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని చదివితే, వాళ్ళలో ఒకావిడ, రూతు పిన్ని, ఊరుకునేది కాదు. “ఆ గుడ్డ తియ్యవే, గాడిద మాట్లాడినట్టు లేదు, డబ్బాలో ఈగ మాట్లాడినట్టుంది” అనేది. జమీందారు కాలు ఎలా ఉందని అందరికంటే ముందు అడిగేది కూడా ఆవిడే.

పదిహేడు అధ్యాయాలు అలా గడిచాయి. పద్దెనిమిదోది మాత్రం ఆగలేక ఆ రోజు పొద్దున్నే, బడికి వెళ్ళేముందు ఒక్కదాన్నే చదివేశాను. చదివి, జడ వేయించుకుంటూ ఏడ్చాను. మధ్యాహ్నం షెడ్డులో అందరూ ఎదురుచూస్తుంటే, “ఆఖరి కాగితాలు చిరిగిపోయాయి” అని అబద్ధం చెప్పాను. ప్రతిదానికీ వాదించే ఆ ఆడవాళ్ళు ఆ రోజెందుకో ఒక్క మాటా అనలేదు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. పుస్తకం చేతికి రాగానే, కనీసం రూతు పిన్నికైనా ఆ అధ్యాయం చదివి వినిపించాలనిపించింది. అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలని కూడా. వాకబు చేస్తే ఆవిడ కొడుకు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పనిలో ఉన్నాడనీ, ఆవిడ అక్కడే దోసెల బండి నడుపుతోందనీ తెలిసింది.

పొద్దున్న ఐదున్నరకు గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. మగవాళ్ళయితే రెండు వందల దాకా చేతిలో పెట్టుకోండి. చిలకలూరిపేట దగ్గరకొచ్చేసరికి తెల్లారింది. మార్చి నెల కాబట్టి రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పత్తి చేలల్లో చివరి తీతలు కూడా అయిపోయి ఎండు కంప మిగిలింది. నేను ఫొటో కోసం కిటికీ అద్దం జరిపానో లేదో, వెనక సీట్లో ముగ్గురు ఒకేసారి తుమ్మారు. “అద్దం వెయ్యమ్మా, నీకు ఫొటో, మాకు దగ్గు!” అన్నాడు కండక్టర్. నాకు మాత్రం ఆ ఘాటు అమ్మ చీర కొంగు వాసనలా అనిపించింది.

ఎనిమిదిన్నరకు ఒంగోలు. అక్కడి నుంచి చీమకుర్తికి బస్సులు బాగానే ఉన్నాయి, ముప్పావుగంట ప్రయాణం. ఊరు దగ్గరపడే కొద్దీ మంచం అంత రాళ్ళను మోసుకుంటూ లారీలు ఎదురవుతాయి. బస్సు దిగి ఒక ఆటో అతన్ని రూతమ్మ దోసెల బండి ఎక్కడని అడిగాను.

“ఏ రూతమ్మండీ? అరిచే రూతమ్మా?”

“ఆవిడే అయ్యుంటుంది.”

“ఎక్కండి. ముప్పై రూపాయలు. ఆమె ముందు మాత్రం చట్నీ రెండోసారి అడక్కండి.”

లారీలు ఆగే చోట, రేకుల పందిరి కింద బండి ఉంది. డెబ్బై దాటిన మనిషి, పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ తల ఎత్తకుండానే, “ఎన్ని?” అంది.

“రెండు దోసెలు, ఒకటి ఉల్లిపాయలేసి. పిన్నీ, నేను కరుణని. సువార్తమ్మ కూతుర్ని.”

గరిటె గాల్లోనే ఆగిపోయింది. “ఓసి నీ దుంపతెగ! గాడిద కథ పిల్లా!”

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, అడక్కుండానే చట్నీ రెండుసార్లు వేసింది. అమ్మ గురించి మాట్లాడుకున్నాం, ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. పది దాటాక రద్దీ తగ్గింది. అప్పుడు సంచిలోంచి పుస్తకం తీసి, ధైర్యం కూడగట్టుకుని చెప్పేశాను. “పిన్నీ, ఆ రోజు కాగితాలు చిరగలేదు. నేను అబద్ధం చెప్పాను.”

“తెలుసులేవే” అంది, పిండి కలుపుతూ.

“తెలుసా?”

“నువ్వు మంచినీళ్ళకి పోయినప్పుడు పుస్తకం తీసి చూశాం. మాలో ఎవరికీ అక్షరం రాదు గానీ చిరిగిన కాగితం తెలవదా? పైగా నీ కళ్ళు. మిరపకాయకి ఏడిస్తే ఎట్టా ఉంటాయో మాకు తెలుసు. అది ఆ ఏడుపు కాదు.”

“మరి ఎందుకు అడగలేదు?”

“మీ అమ్మ సైగ చేసింది, అడగొద్దని. అడిగి ఏం చేస్తాం? ఆ పిల్ల సచ్చిపోయిందని పసిదాని నోటితో చెప్పించాలా?”

“ఏ పిల్ల పిన్నీ?”

“ఆ గౌరే! సముద్రంలో కొట్టుకుపోయిందిగా, అందుకేగా నువ్వు ఏడ్చింది.”

“గౌరికి ఏం కాలేదు పిన్నీ!”

ఆవిడ చేతిలో పిండి గిన్నె కింద పెట్టింది. “ఏం కాలేదా? ఆ ఆదివారం నేనూ, షెడ్డులో నా పక్కన కూర్చునే దీనమ్మా గుడిలో ఆ పిల్ల ఆత్మ కోసం ప్రార్థన చేశామే! ఆగు, ఇంకేం చెప్పొద్దు. చదువు. ఆ అధ్యాయం మొదటి నుంచీ చదువు.”

ఆ లారీల మోతలో, చిన్నప్పటి కంటే గట్టిగా చదివాను. గౌరి సముద్రం చూసింది. ఉప్పు మూటలు కట్టింది. తిరుగు దారిలో జమీందారు కుంటుకుంటూనే ఊరి పొలిమేర దాకా మూటలు మోసి, అక్కడ వేపచెట్టు నీడలో పడుకుని మళ్ళీ లేవలేదు. గౌరి మూటలు తన భుజానికెత్తుకుని ఊళ్ళోకి నడిచింది. ఆ రాత్రి ప్రతి ఇంట్లోనూ కూరలో ఉప్పు పడింది. బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవర్ దోసె తినడం ఆపేశాడు. “గాడిద పోయిందా అండీ?” అన్నాడు మెల్లగా.

రూతు పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పోతే పోయిందిలే నాయనా, ముసలిది, కుంటిది. చేరాల్సిన చోటికి చేర్చి పోయింది. పిల్ల ఇల్లు చేరింది, అది చాలు.” నా వైపు తిరిగింది. “దీనికా నువ్వు అంత ఏడ్చింది! మీ అమ్మ కూడా ఆ పిల్ల పోయిందనుకునే పోయింది కదే. సరేలే, నేను పైకి పోయినప్పుడు చెప్తా.”

“తొందరేం లేదు పిన్నీ.”

“నాకు మాత్రం తొందరేంటి, ఇంకా పిండి చాలా ఉంది” అంటూ ఫోన్ తీసి గుంటూరులో ఉన్న దీనమ్మకి కలిపింది. అవతలి గొంతు వినపడగానే, లారీ హారన్లను కూడా మించిపోయేలా అరిచింది: “ఒసే దీనమ్మా, గౌరి బతికే ఉందంట!”

నేను వాళ్ళను బాధ నుంచి కాపాడుతున్నాననుకున్నాను. వాళ్ళు నన్ను కాపాడుతున్నామనుకున్నారు. మధ్యలో ఒక పిల్ల ముప్పై ఏళ్ళు అనవసరంగా సముద్రంలో ఉండిపోయింది. చిన్నప్పుడు చదివిన పుస్తకాలను మళ్ళీ మనకోసమే చదువుకుంటాం, అదీ బాగానే ఉంటుంది. కానీ అప్పుడు పక్కన కూర్చుని విన్నవాళ్ళు ఒక్కరు మిగిలున్నా వెతుక్కుంటూ వెళ్ళండి. కథలో మనకు తెలియని సగం వాళ్ళ దగ్గర ఉండొచ్చు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేదాకా నాకు బస్సులో నవ్వు ఆగలేదు.

ఇంకొక్క మాట: చీమకుర్తిలో పొద్దున్న పదింటి లోపు ఏ టిఫిన్ బండి దగ్గరా మాట్లాడే తీరిక ఉండదు, పనుల మీద వెళ్ళే వాళ్ళతో కిటకిటలాడుతుంది. పదిన్నర తరువాత చేరేలా బస్సు చూసుకోండి, రాతి దుమ్ముకి ముక్కుకి కట్టుకోవడానికి ఒక తువ్వాలు తప్పకుండా పెట్టుకోండి.