రెండో సంతకం

మా వార్డులో పెద్దక్కని వెక్కిరించనివాళ్లు లేరు, నాతో సహా. ముప్పై ఏళ్ల సర్వీసున్న నర్సు. ఏ మందైనా సీసా మీద పేరు మూడుసార్లు పైకి చదివేది. తీసేటప్పుడోసారి, సిరంజిలోకి ఎక్కించేటప్పుడోసారి, ఖాళీ సీసా పారేసేటప్పుడోసారి. "చచ్చిన పాముని ఎన్నిసార్లు చంపుతావక్కా" అనేదాన్ని. "నీకేం పోయిందే, నోరు నాదేగా" అనేది.

ఇంజక్షన్ ఇచ్చేముందు ఇంకో నర్సు కూడా సీసా చూసి పుస్తకంలో సంతకం పెట్టాలని రూలు. ఆ ఇంకో నర్సుని నేను. అక్క చదివాక బ్రహ్మ కూడా దిద్దక్కర్లేదని నా ధీమా. అందుకే డ్యూటీ ఎక్కగానే ఆ రోజు మొత్తానికీ సంతకాలు గీకి పడేసేదాన్ని. అక్క తిట్టేది. తిట్టి ఊరుకునేది.

ఆ రోజు ఇద్దరు నర్సులు రాలేదు. అక్క ముందురోజు మధ్యాహ్నం నుంచి ఇంటి మొహం చూడలేదు. ఏడో మంచం మీద గుండె జబ్బుతో వచ్చిన బస్సు డ్రైవరు ఉన్నాడు. కోలుకున్నాడు, మర్నాడు ఇంటికి పంపించేస్తాం. ఆయన చేతికున్న సూది మూసుకుపోకుండా కాస్త సెలైన్ తొయ్యాలి, అంతే పని.

"మీ పేరేంటి బాబాయ్?" అంది అక్క, అలవాటుగా.

"నిన్నటిదే తల్లీ. ఇంకా మార్చలేదు."

"సెలైన్" అని రెండుసార్లు పైకి చదివింది. ఎదురు మంచం దుప్పటి మారుస్తూ విన్నాను. విన్నానంతే, చూడలేదు.

నిమిషంలో ఆయన గుండె ఆగింది. డాక్టరు అరగంట పాటు ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. "గుండె జబ్బు మనిషి, ఏం చేస్తాం" అని చేతులు కడుక్కున్నాడు.

అక్క ఖాళీ సీసా తీసింది, మూడోసారి చదవడానికి. ఈసారి నోరు పెగల్లేదు. లాక్కుని చూశాను. పొటాషియం. బోలెడు సెలైన్లో కలిపి గంటల తరబడి మెల్లగా ఎక్కించాల్సిన మందు, నేరుగా తోస్తే గుండె ఆగిపోతుంది. కొత్త సరుకులో రెండూ ఒకేలాంటి సీసాలు, ఎవరో ఒకే ట్రేలో పోశారు.

"పారెయ్యక్కా. ఎవరికీ తెలీదు." సిగ్గులేకుండా అన్నాను.

"పారెయ్యడానికైతే ఇన్నేళ్లూ మూడోసారి ఎందుకు చదివానే?"

డాక్టరుకి చెప్పి, సరాసరి వరండాలోకి నడిచింది. డ్రైవరు కూతురు నాన్న చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్క ఆమె ముందు నేల మీద కూలబడి, "మీ నాన్నకి తప్పు మందు ఇచ్చానమ్మా. నేనే" అంది.

ఆ అమ్మాయి అరవలేదు. చెప్పులు పక్కన పెట్టి అడిగింది. "మీ పక్కన ఇంకెవరూ చూడలేదా?"

అక్క తల వంచుకుంది. చంపినా నా మాట ఎత్తదని నాకు తెలుసు. లోపలికెళ్లి పుస్తకం తెచ్చి ఆ అమ్మాయి ముందు తెరిచాను.

"ఇది నా సంతకం. మీ నాన్నకి ఆ మందు ఇచ్చింది మధ్యాహ్నం మూడింటికి. ఇది నేను పొద్దున్న ఏడింటికే పెట్టేశాను."