ఒక్క మనిషికి కాగెడు నీళ్ళు

కోనసీమలో చలేమిటని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున వచ్చి మా కాలవగట్టు మీద కూర్చోమనండి. కొబ్బరాకుల మీద పట్టిన మంచు చుక్కచుక్కగా కారుతుంటే, వాన పడుతోందనుకుని గొడుగు విప్పినవాళ్ళని చూశాను. అది తడి చలి. వయసులో ఉన్నప్పుడు దానికి దారి దొరికేది కాదు, ఎముక చుట్టూ కండ ఉండేది. ఇప్పుడు తలుపు తట్టకుండా నేరుగా లోపలికి వచ్చేస్తోంది.

నేను కొబ్బరికాయ ఒలిచి బతికినవాణ్ణి. నేలలో పాతిన గునపం, దాని ముందు నేను, పక్కన కాయల గుట్ట. అంతే నా ఉద్యోగం. జుట్టు నెరిశాక రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకున్నాను. మా ఆవిడని కూడా రమ్మంటే, "మీరు చదవండి, నేను వింటాను" అంది. అలాగే విన్నది చాలాకాలం. ఇప్పుడు ఆవిడ లేదు. మాకు పిల్లలు కలగలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే.

ఈ చలికాలం మొదట్లో కరెంటు బిల్లు కొట్టే అతను వచ్చి, మిషన్లోంచి చీటీ చింపి చేతిలో పెట్టేడు. చూస్తే కళ్ళు తిరిగాయి. నాకున్నది ఒక లైటు, ఒక ఫ్యాను, బకెట్లో పెట్టుకునే హీటరు రాడ్డు ఒకటి.

"ఏమయ్యా, వీధి మొత్తం బిల్లు నాకే ఇచ్చేసేవా?" అన్నాను.

"మీదేనండి. రాడ్డు వాడతారా అండి?"

"వాడతాను. నీళ్ళు వాటంతటవి కాగవు కదా."

"అదేనండి మరి. రాడ్డు తినేస్తదండి బాబూ."

నేను చీటీ మీద వేలు పెట్టి గీతగీతా చదివాను. నాకు చదవడం వచ్చు గనక వాళ్ళకి అదొక తలనొప్పి. ఒక గీత దగ్గర ఆగి ఇదేమిటన్నాను. అది వెనకటి వాడకానికట. అప్పట్లో తక్కువ వేశారట, ఆ తేడా ఇప్పుడు నెలనెలా కలుపుతున్నారట.

"వెనకటంటే ఎప్పటిది?"

"రెండు మూడేళ్ళ కిందటిదండి."

అప్పటికి మా ఆవిడ ఉంది. మధ్యాహ్నం అన్నం తిని ఆ ఫ్యాను కిందే చాప వేసుకునేది. తిరిగినా గాలి రావటం లేదని ఫ్యానుని తిట్టేది. ఆ గాలికి ఇప్పుడు కడుతున్నానన్నమాట. బిల్లులో అన్నిటికీ గొణిగాను గానీ ఆ ఒక్క గీతకీ గొణగలేదు.

రాడ్డు మాత్రం పీకి అటక మీద పడేశాను.

తరవాత చలితో నా పోరాటం మొదలైంది. చొక్కా మీద చొక్కా వేశాను. మంకీ క్యాపు పెట్టుకున్నాను. స్నానం రోజు విడిచి రోజని రూలు పెట్టి, రెండోసారి ఆ రూలు కూడా వాయిదా వేశాను. పొద్దున్నే తూర్పు అరుగు మీద ఎండ పడే చోట కుర్చీ వేసుకునేవాణ్ణి. ఎండ జరిగితే నేనూ జరిగేవాణ్ణి. సాయంత్రానికి ఇంటి చుట్టూ తిరిగి పడమటి వైపు తేలేవాణ్ణి.

ఒకరోజు మా బావ అది చూశాడు. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచి పిలుపు. రేవులో జనాన్ని దాటించే పంటు నడిపేవాడు. వంతెన కట్టాక పంటుకీ అతనికీ పని పోయింది.

"ఏంటి బావా, ఐనవిల్లి గుడికి ఎల్లలేక ఇంటికే ప్రదక్షిణలు చేత్తన్నావా?" అన్నాడు.

"చలి బావా. బిల్లుకి భయపడి రాడ్డు తీసేశాను."

"అదేంటి, మనూళ్ళో భూమి నిండా గ్యాసేగా. మామిడికుదురు ఎల్లే దారిలో గొట్టం మీద చాప ఏసుకో. వెచ్చగా ఉంటది."

"అక్కడ నిప్పు వెలిగించరాదని బోర్డు పెట్టారు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి బోర్డు అదే."

"చదువొచ్చి ఇలాగైపోయేవు. నాలాగ చదువు రాకపోతే హాయిగా పడుకుందువు."

అతను వెళ్ళిపోయాక మళ్ళీ నేనూ ఎండా మిగిలాం.

అప్పుడు గుర్తొచ్చింది కాగు. మా ఆవిడ నీళ్ళు కాచిన రాగి కాగు పెరటి పాకలో బోర్లించి ఉంది. ఆవిడ పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు. వెనకటి రోజుల్లో మా ఇళ్ళ వరసలో అందరికీ అదే వేణ్ణీళ్ళ కాగు. కాగిందంటే మా ఆవిడ గరిటెతో మూత మీద నాలుగు దెబ్బలు కొట్టేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు బకెట్లతో వచ్చేవారు. ఒక్కటే నియమం: ఎన్ని నీళ్ళు తీస్తే అన్ని చన్నీళ్ళు పోయాలి. కాగుకి ఒక పక్క చిల్లు పూడ్చిన మాటు ఉంది. నీటిమట్టం మాటు కిందకి దిగితే మంట సెగకి మాటు కరిగి ఊడిపోతుంది. అందుకని కాగు ఎప్పుడూ నిండుగా ఉండాలి. పోయకుండా వెళ్ళినవాళ్ళని మా ఆవిడ వీధి చివరిదాకా తిట్టి సాగనంపేది. తరవాత ఇంటింటికీ హీటర్లు వచ్చాయి. చివరి ఏళ్ళలో ఆవిడ మూత కొట్టినా ఎవరూ రాలేదు. మా ఇద్దరికోసమే నిండు కాగు కాచేది.

కాగు తోమి పొయ్యి మీద ఎక్కించి, మాటు మునిగేదాకా నీళ్ళు పోశాను. డొక్కలకేం కొదవ, కాయ ఒలిచిన చోట డొక్కే కదా మిగిలేది. ముందురోజు మా పెరటి కాయలు ఒలిచిన డొక్కలు ఒక గుట్ట తెచ్చి పొయ్యిలో కుక్కి అగ్గిపుల్ల గీశాను. మంట రాలేదు. పొగ వచ్చింది. మామూలు పొగ కాదు, పాకని మింగి, గోడ దాటి, వీధిలోకి వెళ్ళిపోయింది.

పక్కింటి కోడలు బకెట్టు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. ఆమె భర్త ఖతర్లో డ్రైవరు. ఇంట్లో ఆమే, బడికెళ్ళే చిన్న కూతురూ ఉంటారు.

"మామయ్యగారూ, ఇల్లంటుకుందా అండి?"

"లేదమ్మా. నీళ్ళు కాస్తున్నాను."

ఆమె పొయ్యిలోకి వంగి చూసింది. "పచ్చి డొక్కలు పెట్టేరేంటండి. అత్తయ్యగారు నిరుటి డొక్కే కాల్చేవారు. ఈ ఏడాదివి ఆ పక్కన పేర్చుకునేవారు, వచ్చే ఏటికి."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఒలిచిన చెయ్యి నాది, కాల్చిన చెయ్యి ఆవిడది.

"బతుకంతా ఒలిచేరు, ఒక్కటీ కాల్చలేదాండీ?" అని నవ్వింది. పాక వెనక మూల నుంచి మా ఆవిడ పేర్చి ఉంచిన ఎండు డొక్కలు తీసుకొచ్చింది. అవి ఉన్నాయని కూడా నాకు తెలియదు. గాలి ఆడేలాగ సందు వదిలి పేర్చి అంటించింది. పట్టుకున్నాయి. మంటలార్పడానికి తెచ్చిన ఆ బకెట్టు నీళ్ళు కాగులో పోసేసింది. కాగాక అదే బకెట్టుతో వేణ్ణీళ్ళు తీసుకెళ్ళింది.

"మా హీటరు ఆపేసేనండి. మా ఆయన పంపిందంతా బిల్లుకే పోతోంది. రేపు కూడా రానాండీ?"

"రా. నియమం తెలుసుగా?"

"ఆయ్. తీసినన్ని పోయాలండి."

అలా మళ్ళీ మొదలైంది. పొగ ఆనవాలు పట్టి బావ వచ్చేడు. పీట వేసుకుని, కాళ్ళు పొయ్యికేసి చాపి కూర్చునేవాడు. నేను పేపరు చదివేవాణ్ణి, వేలు పెట్టి, ఒత్తులు చూసుకుంటూ.

"నువ్వా వార్త ముగించేసరికి రేపటి పేపరు వచ్చేత్తది బావా," అనేవాడు.

"నీకు తొందరైతే నువ్వు చదువు."

పక్కింటి కోడలు బకెట్టు నింపుకునే లోపల ఖతర్లో ఎండ ఎంతుందో చెప్పేది. అక్కడ కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే వస్తాయట. "ఓ డ్రమ్ము పార్సిలు పెట్టమనమ్మా," అనేవాడు బావ. పెద్ద నవ్వేం కాదు. అయినా ఆ పూటకి సరిపోయేది.

నేను ఇంకా ముందే లేవడం మొదలుపెట్టాను. నా ఒక్కడి స్నానానికి అంత పొద్దున్నే లేవక్కర్లేదు. వాళ్ళు వచ్చేసరికి నీళ్ళు కాగి ఉండాలి. కాగకపోతే వెనక్కి వెళ్ళిపోతారేమోనని భయం. బిల్లు ఇలాగే మండాలని, ఎవరికీ రేట్లు తగ్గకూడదని మనసులో కోరుకున్నాను. సిగ్గులేని కోరికే. ఉన్నమాట రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్ళాక బావ ఒకరోజు పేపరు మధ్యలో ఆపించేడు.

"నీతో ఓ మాట. పక్కింటి పిల్ల అడగలేక నన్ను అడగమంది. డాబా మీద ఎండకి నీళ్ళు కాగే సోలారు పెట్టించుకుంటారంట. ఆళ్ళాయన డబ్బు పంపేడు. ఫిట్టింగు చేసేవాళ్ళు వచ్చి చూసి, నీ గోడ పక్క చెట్టుంటే కుదరదన్నారంట. నీడొకటి, కాయ పడితే గాజు పగులుద్దంట."

ఆ చెట్టు మా ఆవిడ పెట్టింది. వంగి వాళ్ళ డాబా మీదికే వెళ్ళింది. నిండు కాపు మీద ఉంది. కాపు చెట్టు కొట్టడమంటే మా వైపు పెద్ద మాట. ఇల్లు కట్టినా చెట్టుని గోడలో వదిలేసి కడతాం గానీ కొట్టం.

"కొట్టను," అన్నాను.

"చెట్టు కోసమా?"

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. సోలారు వస్తే ఆ పిల్ల రాదు. అది బావకీ తెలుసు. పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు కూడా ఆమె వచ్చింది. నీళ్ళు తీసింది, పోసింది, వెళ్ళింది. ఖతరు లేదు, ఎండ లేదు. ఆ మర్నాడూ అంతే. వీధి కుళాయికి వచ్చినట్టు వచ్చి వెళ్ళింది. గుమ్మం దాటేటప్పుడు "వస్తానండి" అనేది, అది మాత్రం మానలేదు. మర్యాద తప్పే పిల్ల కాదు. నాకు అదే గుచ్చుకుంది. నేను కాచేది ఒట్టి నీళ్ళ కోసం కాదు కదా. చలి ఉంది గనక వస్తోంది, వేరే దారి లేదు గనక వస్తోంది, ఆ దారి నేనే మూసి కూర్చున్నాను. ఇలాంటి రాక ఎన్నాళ్ళున్నా ఒకటే.

గోడ దగ్గరికి వెళ్ళి పిలిచాను. "అమ్మా, చెట్టెక్కేవాణ్ణి పిలిపించు. కాయలు దింపాక కొట్టెయ్యమను."

"వద్దులెండి మామయ్యగారూ. అత్తయ్యగారు పెట్టిన చెట్టండి."

"పెట్టినావిడే ఉంటే ఈపాటికి కొట్టించేసేది. నాకంటే తొందరెక్కువ ఆవిడకి."

చెట్టు పడిన రోజు మా పెరట్లో జనం. కొబ్బరిచెట్టు కొడితే తలలో ఉండే తెల్లటి మొవ్వు ఇంటింటికీ పంచాలి. చెట్టుకి ఒక్కసారే దొరికే తిండి అది. బావ రెండు వాటాలు తిన్నాడు. "చెల్లెమ్మ చేతి చెట్టు, తీపి పోలేదు," అన్నాడు. నేను నా ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాను. మింగాలనిపించలేదు.

ఆ తరవాత సోలారు వచ్చింది. ఆమె రావడం మానేసింది, మానేస్తుందనే కదా కొట్టించాను. బావకి దగ్గు పట్టుకుంది, మంచులో బయటికి వెళ్ళొద్దని అతని కోడలు గుమ్మం దగ్గరే ఆపేసింది. నేను మాత్రం రోజూ పొయ్యి ముట్టించాను. మాటు కరగకుండా కాగు నింపాలి, నింపితే అందరికీ సరిపడా కాగుతాయి. నేను పోసుకోగా మిగిలినవాటితో గిన్నెలు తోమాను. అరుగు కడిగాను. కుర్చీ కూడా కడిగాను. ఊళ్ళో ఇంత వెచ్చగా స్నానం చేసిన కుర్చీ ఇంకోటి ఉండదు. ఈ మాట చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

మళ్ళీ బిల్లు వచ్చింది. బాగా తగ్గింది. వేలు పెట్టి చదివాను. ఆ వెనకటి వాడకం గీత ఈసారి లేదు.

"అదయిపోయిందండి," అన్నాడు బిల్లు కొట్టే అతను. "ఇంక కట్టక్కర్లేదండి మీరు."

సంతోషించాలి కాబోలు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఫ్యాను కింద కాసేపు నిలబడ్డాను. చలికాలం గనక అది ఆపే ఉంది.

మర్నాడు నీళ్ళు కాగాయి. నేను గరిటె తీసుకుని మూత మీద నాలుగు దెబ్బలు కొట్టాను. ఆవిడ పోయాక ఆ చప్పుడు మా పెరట్లో అదే మొదలు. పొగ చూసి వాళ్ళే వస్తున్నారని ఇన్నాళ్ళూ కొట్టలేదు. రమ్మని అడగడం నాకు చేతకాదు. అడిగాక రాకపోతే ఎలా అని కూడా ఉంది.

చాలాసేపు ఏమీ లేదు. మంచు కారుతున్న చప్పుడు. తరవాత గోడ అవతల నుంచి గొంతు వచ్చింది.

"మాకు స్నానాలయిపోయాయండి మామయ్యగారూ."

"అయితే కాళ్ళు కడుక్కో."

ఆమె నవ్వు వినపడింది. గేటు చప్పుడయింది. చేతిలో బకెట్టు ఉంది, దాంట్లో నీళ్ళున్నాయి. ఏమీ తీసుకోకుండానే ఆ చన్నీళ్ళన్నీ నా కాగులో పోసేసింది. కాగు పొర్లి పొయ్యిలో సగం నిప్పులు చుయ్యిమన్నాయి.

"కాగిన నీళ్ళు పాడుచేశావు. తీయకుండా పోస్తారా? మళ్ళీ ఎంతసేపు కాయాలి?"

"కాయండి. పాపకి బడి బస్సు వచ్చేదాకా నాకు పనేం లేదండి," అని బావ పీట లాక్కుని కూర్చుంది.

నేను వంగి డొక్కలు ఎగదోశాను. ఆవిడ పేర్చిన నిరుటివి ఇంక కొన్నే ఉన్నాయి.