ఇసుక లేని లెక్క

మా పల్లె బడి అయ్యవారు పోయిన సోమవారం కోట ఊళ్లో, తమ ఇంట్లోనే కన్నుమూశారు. కబురు తెచ్చిన మనిషి ఇంకా వాకిట్లో ఉండగానే సైకిలెక్కాను. అప్పుడు ఉదయం ఎనిమిది.

కోట నుంచి సముద్రపు ఒడ్డునున్న మా పల్లెకు ఏడు మైళ్లు. చివరి మూడు మైళ్లూ ఇసుకే. అయ్యవారు ఇసుక మొదలయ్యే చోట దిగి, రెండు టైర్లలోనూ సగం గాలి తీసేసి, అలలు తడిపిన గట్టి ఇసుక మీదుగా తొక్కుకుంటూ వచ్చేవారు. సముద్రం పోటు మీదున్న రోజు సైకిలును భుజానేసుకుని నడిచేవారు. ఆయన ఆలస్యంగా రావడం నేనెరగను.

తరగతిలో తరచూ ఒక లెక్క ఇచ్చేవారు.

"కోట నుంచి మన పల్లెకు ఒక కారూ ఒక సైకిలూ ఒకేసారి బయలుదేరినాయి. ఏది ముందొస్తాదిరా?"

"కారే అయ్యోరూ!" అని అందరం అరిచేవాళ్లం.

"తప్పు. మీ లెక్కలో ఇసుక ఏదిరా? రోడ్డున్నంత వరకే అది కారు. ఆపైన రేకుల గది."

నవ్వేవాళ్లం. పెద్దయ్యాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను.

సరుగుడు తోపు ఆసామి ఏడాదికోసారి కారులో వచ్చేవాడు. ఆ రోజు పల్లెంతా కలిసి ఇసుక మీద తాటాకులు పరిచేది. నాలుగేళ్ల కిందట కూడా పరిచాం. కారు దాటగానే ఆడవాళ్లు నలిగిన ఆకులు పొయ్యిలోకని ఏరుకుపోయారు. ఆసామి తిరిగి వెళ్లేది రేపు కదా, మళ్లీ పరవొచ్చనుకున్నారు. మా అమ్మా ఒక మోపు తెచ్చింది. ఆ మధ్యాహ్నమే తోపులో సరుగుడాకు ఊడుస్తున్న మా చెల్లెల్ని పాము కరిచింది. దానికి పన్నెండేళ్లు.

అయ్యవారు బడి వదిలి పరుగున వచ్చారు. "పాపను నా వీపుకు కట్టురా. నీళ్లు వెనక్కి తీసినాయి. గంటలో కోటలో ఉంటా."

"కారుండంగా సైకిలేంది అయ్యోరూ!" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

చెల్లెల్ని ఆసామి కారులో ఎక్కించాం. దారిలో తాటాకులు లేవన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పల్లె దాటీ దాటకముందే చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. తోశాం, చేతులతో తవ్వాం. అమ్మ ఇంటికి పరిగెత్తి ఆ మోపే తెచ్చి చక్రాల కింద వేసింది. కారు కదల్లేదు. మాతోపాటు తోస్తున్న అయ్యవారు ఇక ఎవర్నీ అడక్కుండా తలుపు తీసి, పైపంచెతో చెల్లెల్ని వీపుకు కట్టుకుని సైకిలెక్కి వెళ్లిపోయారు. వెనకే పరిగెత్తాను. అందుకోలేకపోయాను.

నేను చేరేసరికి ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చెల్లెలు ఆయన ఒళ్లో ఉంది. దారిలోనే పోయిందట.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ లెక్క మళ్లీ ఏ తరగతికీ ఇవ్వలేదు. ఒకసారి మాత్రం, "నవ్వులాటగా చెప్పినాను రా, గట్టిగా చెప్పుండాల్సింది" అన్నారు. నా తప్పు తన నెత్తిన వేసుకున్నారు, నేను వేసుకోనిచ్చాను. తప్పు నాదేనని ఆయన కాళ్ల మీద పడి చెప్పాలని నాలుగేళ్లూ అనుకున్నాను. ఇప్పుడెవరికి చెప్పను?

సోమవారం నేనూ టైర్లలో సగం గాలి తీసి తడి ఇసుక మీదే తొక్కాను. ఆయనకున్న నేర్పు నాకు లేదు. రెండుసార్లు పడ్డాను. రోడ్డెక్కాక గాలి కొట్టుకోవడానికి ఆగాను. ఆయన్ని పడుకోబెట్టిన గదిలోకి వెళ్లి గోడ గడియారం వంక చూశాను. ఎనిమిదికి బయలుదేరాను. తొమ్మిది కావడానికి ఇంకా అయిదు నిమిషాలున్నాయి.